ఎరిట్రియా పత్రికలు మూతపడిన పిమ్మట

2001 సెప్టెంబరు 18వ తేదీన, ఎఱ్ఱసముద్రపు ఒడ్డుననున్న ఎరిట్రియా దేశపు రాజధాని అస్మారాలో ఒక ప్రకటన వెలువడినది. ప్రైవేటు పత్రికలన్నియు నాటినుండి నిలిపివేయబడినవని ప్రభుత్వము ప్రజలకు తెలిపినది. న్యూయార్కు నగరమున జంట భవనములు కూలి అప్పటికి సరిగా ఒక వారము. ప్రపంచములోని వార్తాసంస్థల దృష్టి యంతయు అటే యుండెను. ఆ దినమునను, మరునాడును అధికారపక్షమునకే చెందిన పదునొకండుగురు పెద్దలు నిర్బంధింపబడిరి. తరువాతి కొద్ది దినములలో సంపాదకులును, విలేఖరులును పదిమంది వఱకు చెరసాల పాలైరి. వీరిలో ఏ ఒక్కరిని గూర్చియు బహిరంగముగా విచారణ జరుగలేదు. అది మొదలు 2025వ సంవత్సరము వఱకు ఆ దేశమున ప్రభుత్వముది కాని పత్రిక ఒక్కటియు వెలువడలేదు.

ఒక ప్రభుత్వము తన ప్రజల నోరు ఇట్లు నొక్కివేసినపుడు తక్కిన ప్రపంచము ఏమి చేయగలదు? ఏమి చేసినది? చేసినదానివలన ఒనగూడిన దేమైనను కలదా? ఈ మూడు ప్రశ్నలను మేమిచట పరిశీలింపదలచినాము. మాటను దూరమునకు పంపుట మా వృత్తి గనుక, మాటను ఆపివేయుట అనగా నేమో తెలిసికొనవలసిన అవసరము మాకు కొంత హెచ్చుగానే కలదు. అంతేకాక ఎరిట్రియా చరిత్రలో పత్రికకును, రేడియోకును గల పాత్ర మిక్కిలి పెద్దది. ఆ చరిత్ర తెలియనిదే నేటి పరిస్థితి అర్థము కాదు.

ఎరిట్రియా విస్తీర్ణము సుమారు 1,20,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య, ఐక్యరాజ్యసమితి అంచనాల ననుసరించి, ఇటీవలి సంవత్సరములలో 35 లక్షల ప్రాంతమున నున్నది. 1890లో అది ఇటలీకి వలసరాజ్యమైనది. 1941లో బ్రిటిషువారు దానిని గెలిచిరి. ఆ గెలుపులో మన సైనికుల రక్తము కలదు. కెరెన్ పట్టణము చుట్టునున్న కొండలలో ఫిబ్రవరి, మార్చి మాసములలో జరిగిన ఘోరసంగ్రామమున 4వ, 5వ భారతీయ డివిజనులు పోరాడినవి. అచట మరణించిన భారతీయ సైనికులకు కెరెన్‌లో స్మారకము కలదు.

బ్రిటిషు పాలనలో ఎరిట్రియా ప్రజలు మొదటిసారిగా తమ భాషలలో రాజకీయపత్రికలను చూచిరి. తిగ్రిన్యా, అరబ్బీ భాషలలో పత్రికలు వెలువడినవి, పక్షములు పుట్టినవి, దేశము ఇథియోపియాలో చేరవలెనా, స్వతంత్రముగా నుండవలెనా అను వాదము వీథులలో సాగినది. ఆ కాలపు సంపాదకులలో వొల్దెఆబ్ వొల్దెమరియం అగ్రగణ్యుడు. స్వాతంత్ర్యమును కోరి వ్రాసినందులకు ఆయనపై పలుమారులు హత్యాప్రయత్నములు జరిగినవి. తుదకు 1953లో ఆయన దేశమును విడిచి కైరో చేరెను.

ఈలోగా ఎరిట్రియా భవిష్యత్తును ఐక్యరాజ్యసమితి నిర్ణయించినది. 1950 డిసెంబరులో సర్వసభ్యసభ చేసిన తీర్మానము ననుసరించి 1952లో ఆ దేశము ఇథియోపియాతో సమాఖ్యగా కూర్చబడినది. దానికి ప్రత్యేక శాసనసభ, రాజ్యాంగము, పతాకము ఇయ్యబడినవి. కాని హైలె సెలాసీ చక్రవర్తి ప్రభుత్వము వీనిని ఒక్కొక్కటిగా తొలగించినది. స్వతంత్ర పత్రికలు మూతపడినవి. పతాకము దింపబడినది. తిగ్రిన్యా, అరబ్బీ భాషల స్థానమున అమ్హారిక్ వచ్చినది. 1962 నవంబరులో సమాఖ్యయే రద్దయి ఎరిట్రియా ఇథియోపియాలో ఒక రాష్ట్రముగా కలిపివేయబడినది. సమాఖ్యను సృష్టించిన ఐక్యరాజ్యసమితి దానికి అడ్డుపడలేదు. అమెరికాకు అస్మారాలో కాగ్న్యూ అను గొప్ప రేడియో కేంద్రము ఉండెను. దూరదేశముల రేడియో సంకేతములను ఆలకించుటకు ఉన్నతప్రదేశముననున్న ఆ నగరము మిక్కిలి అనువైనది. ఆ కేంద్రమును నిలుపుకొనుటకు చక్రవర్తి స్నేహము అమెరికాకు అవసరమయ్యెను. ఎవరెవరి సందేశములనో అచట జాగ్రత్తగా వినుచుండిరి. ఆ కేంద్రపు గోడల వెలుపల నున్న ప్రజల గోడు మాత్రము వినువారు లేకపోయిరి.

ఆ మౌనమును ఛేదించుటకు వొల్దెఆబ్ రేడియోను ఆశ్రయించెను. 1956లో కైరో రేడియోనుండి తిగ్రిన్యా భాషలో ఆయన చేసిన ప్రసంగములను ఎరిట్రియనులు అత్యంతాసక్తితో వినిరి. ఇథియోపియా ఒత్తిడివలన ఆ ప్రసారములు ఎంతోకాలము సాగలేదు. 1961 సెప్టెంబరులో సాయుధపోరాటము ఆరంభమైనది. అది ముప్పది ఏండ్లు నడచినది. 1979నుండి విమోచన సైన్యమునకు స్వంత రేడియో ఏర్పడినది. దాని పేరు ‘దింత్సి హఫాష్’, అనగా ‘ప్రజావాణి’. కొండలలో దాగి, విమానదాడులకు తప్పించుకొనుచు ఆ రేడియో పనిచేసినది. 1991 మే మాసమున విమోచన సైన్యము అస్మారాలో ప్రవేశించినది. 1993 ఏప్రిలులో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 99.8 మంది స్వాతంత్ర్యమును కోరిరి. మే 24న ఎరిట్రియా స్వతంత్రదేశమైనది. పోరాటనాయకుడు ఇసాయాస్ అఫ్వెర్కి అధ్యక్షుడయ్యెను.

ఆ తొలి సంవత్సరములలో ఎరిట్రియా పేరు ఆఫ్రికాకు ఆశాచిహ్నముగా చెప్పుకొనబడినది. 1997 మేలో రాజ్యాంగము ఆమోదింపబడినది. 1996లోనే పత్రికాశాసనము వచ్చినది. దానిలో రెండు ముఖములు కలవు. లైసెన్సు పొంది ప్రైవేటు వ్యక్తులు పత్రికలను నడుపవచ్చును. కాని విదేశీధనము తీసికొనరాదు. రేడియో, టెలివిజను మాత్రము ప్రభుత్వమునకే చెందవలెను. ‘ప్రజావాణి’ యిట్లు ప్రభుత్వవాణి యయ్యెను. అయినను పత్రికలకు దొరికిన కొద్ది అవకాశమును యువకులు ఉత్సాహముతో వినియోగించుకొనిరి. ‘సెటిట్’, ‘జెమెన్’, ‘కెస్తె దెబెనా’, ‘మెకాలెహ్’, ‘సిగెనాయ్’ మున్నగు పత్రికలు బయలుదేరినవి. సెటిట్ అనునది ఆ దేశమున ఏడాది పొడుగున నీరు పారు ఏకైక నది పేరు. ఆ పత్రిక యజమానులలో ఒకడైన దావిత్ ఇసాక్ యుద్ధకాలమున స్వీడనుకు శరణార్థిగా పోయి, అచట పరిశుభ్రత పనివాడుగా జీవించి, ఆ దేశపు పౌరసత్వము పొంది, స్వాతంత్ర్యము రాగానే మాతృభూమికి తిరిగి వచ్చినవాడు. మరియొక వ్యవస్థాపకుడు ఫెస్సెహాయె యోహన్నెస్ మాజీ యోధుడు, కవి, నాటకకర్త.

1998లో బద్మె అను సరిహద్దు గ్రామము విషయమై ఇథియోపియాతో యుద్ధము వచ్చినది. రెండేండ్లలో ఉభయపక్షముల వేలకొలది సైనికులు మరణించిరి. 2000 డిసెంబరులో అల్జీర్సు నగరమున సంధి జరిగినది. యుద్ధము ముగిసిన తరువాత సహజముగా ప్రశ్నలు పుట్టినవి. ఈ యుద్ధము తప్పించుటకు వీలు లేకపోయినదా? ఆమోదించిన రాజ్యాంగము ఎందుకు అమలు కాలేదు? ఎన్నికలు ఎప్పుడు? 2001 మేలో అధికారపక్షమునకు చెందిన పదునైదుగురు ప్రముఖులు ఈ ప్రశ్నలనే ఒక బహిరంగలేఖగా వ్రాసిరి. వారిలో మాజీ మంత్రులు కలరు, సేనానులు కలరు. విమోచన పోరాటమున అధ్యక్షునితో భుజము కలిపి నిలిచినవారే అందఱును. శాంతియుతముగా, చట్టబద్ధముగా మార్పు రావలెనని వారు కోరిరి. పత్రికలు ఆ లేఖను, వారి సంభాషణలను ప్రచురించినవి. సెప్టెంబరులో జరిగిన నిర్బంధములకు కారణమిదియే. పదునైదుగురిలో ముగ్గురు విదేశములలో నుండుటచే తప్పించుకొనిరి; ఒకరు తమ సంతకమును ఉపసంహరించుకొనిరి; తక్కిన పదునొకండుగురును చెరబట్టబడిరి.

ప్రభుత్వము చెప్పిన సమాధానము కూడ వినవలసినదే. నిర్బంధితులు దేశద్రోహము తలపెట్టిరనియు, జాతీయభద్రతకు హాని కలిగించిరనియు అది పలికినది. పత్రికలు శాసనమును ఉల్లంఘించినవనియు చెప్పినది. శత్రువు గుమ్మమున నుండగా ఐకమత్యమే ముఖ్యమని వాదించినది. ఈ వాదమునకు కొంత బలము చేకూర్చినది ప్రపంచమే. 2002 ఏప్రిలులో సరిహద్దు సంఘము బద్మె ఎరిట్రియాదే యని తీర్పు చెప్పినది. ఇథియోపియా ఆ గ్రామమును విడువలేదు. సంధికి హామీగా నిలిచిన సంస్థలును, దేశములును ఆ తీర్పును అమలు జరిపింపలేదు. మన భారతసైనికులు కూడ పాల్గొనిన ఐక్యరాజ్యసమితి శాంతిదళము 2008లో పని ముగించుకొని వెడలిపోయినది. 1962లో మమ్ము విడిచినవారే మరల విడిచిరని అస్మారా ప్రభుత్వము తన ప్రజలకు చెప్పగలిగినది. ఇది నిజమైన ఫిర్యాదు. కాని సరిహద్దు విషయమున జరిగిన అన్యాయము ఒక సంపాదకుని విచారణ లేకుండ చెరలో నుంచుటకు సమాధానము కాజాలదు.

ఇక ప్రపంచము ఏమి చేసినదో చూతము. మొదటి ప్రతిస్పందన దౌత్యమార్గమున వచ్చినది. నిర్బంధములు జరిగిన కొద్దిదినములకే ఐరోపా సమాఖ్య పక్షమున ఇటలీ రాయబారి నిరసనపత్రమును అందజేసెను. ప్రభుత్వము ఆయనను దేశమునుండి వెడలగొట్టినది. దానికి బదులుగా తక్కిన ఐరోపా దేశములు తమ రాయబారులను పిలిపించుకొనినవి. అయితే కొంతకాలమునకు రాయబారులు తిరిగి వచ్చిరి. ఖైదీలు తిరిగి రాలేదు. 2004లో బి.బి.సి. విలేఖరి బహిష్కృతుడయ్యెను. లోపలి పత్రికలు మూతపడిన మూడేండ్లకు వెలుపలివారి కన్నులు కూడ ఇట్లు మూయబడినవి.

స్వీడను ప్రభుత్వము తన పౌరుడైన దావిత్ ఇసాక్ విషయమున చప్పుడు చేయక మంతనములు సాగించు పద్ధతి నవలంబించినది. అల్లరి చేసినచో ఖైదీకే హాని కలుగునని దాని భావము. 2005 నవంబరు 19న ఆయన విడుదలయ్యెను. తన వారితో టెలిఫోనులో మాటాడగలిగెను. రెండు దినములు గడువకముందే మరల చెరకు కొనిపోబడెను. 2009లో అధ్యక్షుడు స్వీడను టెలివిజనువారితో మాటాడుచు, ఆయనకు విచారణయు లేదు, విడుదలయు లేదని స్పష్టముగా చెప్పెను. మౌనదౌత్యమునకు ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరము వేరొకటి ఉండదు.

రెండవది న్యాయమార్గము. మానవహక్కులను గూర్చిన ఆఫ్రికా ఒడంబడికను ఎరిట్రియా 1999లో అంగీకరించినది. ఆ ఒడంబడిక క్రింద ఒక సంఘము పనిచేయుచున్నది. అన్యాయము పొందినవారు గాని, వారి పక్షమున ఇతరులు గాని దానికి విన్నవించుకొనవచ్చును. సామాన్యముగా ముందు స్వదేశపు న్యాయస్థానములకు వెళ్ళవలెను. అచట ద్వారములు మూసియున్నపుడు ఆ నిబంధన సడలును. పదునొకండుగురు రాజకీయ నాయకుల విషయమున 2003లోను, పత్రికా రచయితల విషయమున 2007లోను ఎరిట్రియా తన ఒడంబడికను తానే ఉల్లంఘించినదని ఆ సంఘము నిర్ణయించినది. వారిని విడిచిపెట్టవలెను, లేదా న్యాయవిచారణ జరుపవలెను అని దాని సారాంశము. ఇది పాశ్చాత్యులు చెప్పిన మాట కాదు, ఆఫ్రికావారే చెప్పినది. అందుచేత పరదేశీయుల జోక్యమను ఆక్షేపణ దీనికి తగులదు. అయితే ఆ సంఘమునకు పోలీసులు లేరు. దాని నిర్ణయము కాగితముపైననే నిలిచినది. 2011లో ముగ్గురు ఐరోపా న్యాయవాదులు దావిత్ ఇసాక్‌ను న్యాయస్థానము ఎదుట హాజరు పరుపవలెనని అస్మారా సర్వోన్నత న్యాయస్థానమునకు హెబియస్ కార్పస్ పత్రమును పంపిరి. దానివలన ఆయన న్యాయమూర్తి ఎదుటకు తేబడలేదు.

మూడవది ఆంక్షల మార్గము. 2009 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఎరిట్రియాపై ఆయుధ నిషేధమును, కొందఱిపై ప్రయాణ నిషేధమును విధించినది. చాలమంది దీనిని ఖైదీల కొఱకు విధించిన శిక్షగా భావింతురు. అది సరి కాదు. సోమాలియాలోని సాయుధవర్గములకు సహాయము చేయుచున్నదనియు, జిబూటీతో సరిహద్దు తగవును పరిష్కరించుకొనుట లేదనియు ఆరోపణ. తీర్మానములోని కోరికలు ఆ రెంటిని గూర్చినవే. 2018 జూలైలో ఇథియోపియాతో సమాధానము కుదిరినది. ఆ సంవత్సరము నవంబరులో భద్రతామండలి ఆంక్షలను ఎత్తివేసినది. ఇథియోపియా ప్రధానికి 2019లో నోబెల్ శాంతి బహుమానము లభించినది. ఈ పరిణామము లన్నింటిలో సంపాదకుల చెరసాల తలుపు మాత్రము కదలలేదు. ఆంక్ష దేనికొఱకు విధింపబడినదో దాని విషయమే మాటాడును. మిగిలినవానిని గూర్చి మాటాడదు. ఒక దేశము పొరుగువారిని బాధించినపుడు కలుగు ఆందోళన, తన ప్రజలను బాధించినపుడు కలుగకపోవుట నేటి అంతర్జాతీయ వ్యవస్థలోని పెద్ద లోపము.

ఆ లోపమును కొంత పూరించుటకు జెనీవాలోని మానవహక్కుల మండలి ప్రయత్నించినది. 2012లో ఎరిట్రియాకు ఒక ప్రత్యేక పరిశీలకుని పదవిని ఏర్పరచినది. మారిషసు దేశస్థురాలైన షీలా కీతారూత్ మొదట ఆ బాధ్యతను వహించిరి. 2014లో ముగ్గురు సభ్యుల విచారణసంఘమును కూడ నియమించినది. వారిని దేశమున అడుగుపెట్టనీయలేదు. అందుచే దేశమునుండి పారిపోయి వచ్చినవారిని ఇతర దేశములలో కలిసికొని, 550 మందితో రహస్యముగా సంభాషించి, 160 లిఖిత నివేదనలను సేకరించి, 2015లో సంఘము విపులమైన నివేదిక సమర్పించినది. మానవత్వమునకు విరుద్ధమైన నేరములు జరిగినవని నమ్ముటకు తగిన ఆధారములు కలవని 2016 జూన్‌లో రెండవ నివేదిక తెలిపినది. విచారణ లేని నిర్బంధము, మనుష్యులు జాడ తెలియక మాయమగుట, చిత్రహింస, అంతులేని జాతీయసేవ వానిలోనివి. పదునెనిమిది మాసములని శాసనము చెప్పిన జాతీయసేవ యుద్ధానంతరము ఏండ్లకొలది సాగుచున్నది. ఈ విషయమును అంతర్జాతీయ నేరన్యాయస్థానమునకు పంపవలెనని సంఘము భద్రతామండలిని కోరినది. మండలి పంపలేదు. విదేశములలో నున్న ఎరిట్రియనులు రెండుగా చీలి, కొందఱు నివేదికను సమర్థించుచు, కొందఱు ఖండించుచు జెనీవాలో ప్రదర్శనలు జరిపిరి. ముప్పది ఏండ్ల పోరాటముతో సాధించిన దేశమును ఇతరులు నిందింపగా విని సహింపలేని వారి బాధ కృత్రిమమైనది కాదు. కాని దేశమును నిందించుటయు, దేశప్రజల పక్షమున ప్రశ్నించుటయు ఒకటి కావు.

ఐరోపా తీరు కూడ ఒక్కరీతిగా లేదు. 2013 అక్టోబరు 3న ఇటలీకి చెందిన లాంపెడూసా ద్వీపము సమీపమున శరణార్థుల నౌక మునిగి మూడువందల అరువది మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఎరిట్రియనులు. ఆ ప్రవాహమునకు మూలము ఎచట నున్నదో ఐరోపాకు తెలియును. అయినను మనుష్యుల రాక తగ్గినచో చాలునను తలంపుతో 2015 ప్రాంతమున ఆ ప్రభుత్వమునకే 20 కోట్ల యూరోల సహాయమును ప్రకటించినది. ఒకచేత నిరసనపత్రము, మరియొకచేత ధనపత్రము పట్టుకొనినవారి మాటకు ఎంత బరువుండును? 2021 మార్చిలో మాత్రము విచారణ లేని నిర్బంధములకును, చిత్రహింసకును బాధ్యత గలదని చెప్పి ఎరిట్రియా జాతీయభద్రతా కార్యాలయముపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించినది. పత్రికలు మూతపడి అప్పటికి ఇరువది సంవత్సరములు కావచ్చినది.

అనుకొనని చోటనుండి కూడ ఒక సమాధానము వచ్చినది. బిషా అను గనిలో తమచే బలవంతముగా పని చేయించిరని కొందఱు ఎరిట్రియనులు, దానిలో వాటా గల నెవ్‌సన్ అను కెనడా కంపెనీపై కెనడాలోనే 2014లో దావా వేసిరి. కంపెనీ ఆరోపణను నిరాకరించినది. వేరొక దేశమున జరిగినదానిని ఇచట విచారింపరాదని కూడ వాదించినది. 2020 ఫిబ్రవరి 28న కెనడా సర్వోన్నత న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసి దావా నడువవచ్చునని తీర్పు చెప్పినది. తదుపరి ఇరుపక్షములును రాజీపడినవి. ఆరోపణ నిజమో కాదో న్యాయస్థానము తేల్చలేదు. కాని స్వదేశమున నోరు విప్పలేని పనివారికి పరదేశమున వాదము వినిపించు హక్కు కలదని స్థిరపడినది.

తుదకు చెప్పవలసినది తోటి పత్రికా రచయితలు చేసిన పని. వారికి రాయబారులు లేరు, సైన్యము లేదు. వారు చేసినదెల్ల పేర్లను మరువకుండుట. పత్రికా స్వాతంత్ర్యమును గూర్చి పారిస్‌లోని ‘సరిహద్దులు లేని విలేఖరులు’ అను సంస్థ ప్రతి సంవత్సరము ప్రకటించు పట్టికలో ఎరిట్రియా పలుమారులు చివరి స్థానమున నిలిచినది. 2025లో 180 దేశములలో 180వది. దావిత్ ఇసాక్‌కు 2017లో యునెస్కో వారి గిల్లెర్మో కానో బహుమానము లభింపగా ఆయన కుమార్తె జకార్తాలో స్వీకరించెను. ఫెస్సెహాయె యోహన్నెస్ చెరలోనే మరణించెనని 2007లో పత్రికాసంస్థలు వెల్లడించినవి. ప్రభుత్వము దానిని ధ్రువపరుపలేదు. ఖైదీలందఱు జీవించియున్నారని 2016లో విదేశాంగమంత్రి ఒక ఫ్రెంచి రేడియోకు చెప్పెను, చూపుమనగా చూపలేదు.

2009 ఫిబ్రవరిలో అస్మారాలోని ‘రేడియో బానా’ అను విద్యాప్రసార కేంద్రముపై సైనికులు దాడి చేసి సుమారు ఏబదిమందిని నిర్బంధించిరి. అది విద్యాశాఖ పోషణలో నడచు కేంద్రము. పాఠములు చెప్పు రేడియో. వారిలో చివరివారు 2015 జనవరిలో, అనగా ఆరేండ్లకు గాని, బయటకు రాలేదు. ఆ 2009లోనే పారిస్ నగరమున ప్రవాసి విలేఖరులు ‘రేడియో ఎరీనా’ అను కేంద్రమును స్థాపించిరి. ఉపగ్రహము ద్వారా దాని ప్రసారము తిగ్రిన్యా, అరబ్బీ భాషలలో ఎరిట్రియాకు చేరుచున్నది. 2012లో ఆ ప్రసారమును అడ్డగించుటకు వేరు సంకేతము పంపబడినది. ఎవరును వినకున్నచో అడ్డగించు శ్రమ ఎవరు పడుదురు?

ఇన్ని మార్గములలో ఇన్ని ప్రయత్నములు జరిగినను సెప్టెంబరు 2001 నాటి ఖైదీలకు విముక్తి కలుగలేదు. కావున ఇవన్నియు వ్యర్థములని అనవచ్చునా? మేము అట్లు తలంపము. మన దేశమునందును 1975 జూన్ నుండి అత్యవసర పరిస్థితి నడచినది. పత్రికలు అచ్చునకు ముందే సెన్సారు అధికారికి చూపవలసి వచ్చినది. నాయకులు విచారణ లేక చెరలో నుండిరి. అది 1977 మార్చిలో ముగియుటకు ముఖ్యకారణము మనకు ఎన్నికలు మిగిలియుండుట. ప్రజలు తమ కోపమును ఓటుగా చెప్పగలిగిరి. ఎరిట్రియాలో జాతీయ ఎన్నికలు ఒక్కసారియు జరుగలేదు, 1997 రాజ్యాంగము అమలు కాలేదు, స్వతంత్ర న్యాయస్థానము లేదు, పత్రిక లేదు. లోపలి సాధనము ఒక్కటియు లేనిచోట వెలుపలి మాటకు విలువ హెచ్చును. అది తలుపును తెరువలేకపోవచ్చును. కాని ఎవరు లోపల నున్నారో, ఏనాడు కొనిపోబడిరో, ఎవరి ఆజ్ఞవలననో వ్రాసి యుంచును. ఒకనాడు విచారణ జరుగవలసి వచ్చినచో ఆ వ్రాతయే సాక్ష్యము.

ఆ వ్రాతకు గల విలువ అస్మారా ప్రభుత్వమునకు తెలియును. 2018లోను, 2021లోను ఎరిట్రియా మానవహక్కుల మండలికే సభ్యదేశముగా ఎన్నికైనది. 2025 జూలైలో, తన దేశమునకు నియమింపబడిన ప్రత్యేక పరిశీలకుని పదవిని రద్దు చేయవలెనని ఆ మండలిలో తానే తీర్మానము ప్రవేశపెట్టినది. నలుగురు అనుకూలముగాను, ఇరువదియైదుగురు ప్రతికూలముగాను వోటు చేయగా పదునెనిమిదిమంది తటస్థముగా నుండిరి. తీర్మానము వీగిపోయినది, పరిశీలకుని పదవి మరియొక సంవత్సరము పొడిగింపబడినది. ఒక చిన్న పదవి, దేశమున అడుగైన పెట్టనీయబడని ఒక పరిశీలకుడు, ఏటికొక నివేదిక. ఇంతమాత్రమునే తొలగింపవలెనని ఒక ప్రభుత్వము పూనుకొనినది.

చప్పుడు చేసిన ఖైదీకి హాని, చప్పుడు చేయకున్న మరపు: ఈ రెంటి నడుమ స్వీడనువారు పడిన సందిగ్ధము తేలికైనది కాదు. అయితే ఇరువది నాలుగేండ్ల అనుభవము ఒకటి తెల్పుచున్నది. మౌనమువలన ఎవరును విడుదల కాలేదు. 1956లో వొల్దెఆబ్ కైరోనుండి మాటాడినపుడు ఆ మాటవలన మరునాడే దేశమునకు స్వాతంత్ర్యము రాలేదు. ముప్పదియైదేండ్లకు విమోచనసైన్యము అస్మారాలో ప్రవేశించినపుడు ఆయన ఇంకను జీవించియుండెను. స్వదేశమునకు తిరిగివచ్చి, స్వతంత్రదేశమును కన్నులార చూచి, 1995లో కన్నుమూసెను. నేడు పారిస్‌నుండి మాటాడుచున్నవారును అట్లే తిరిగి పోవుదురో లేదో చెప్పజాలము. వారు మాత్రము దినదినము మైక్రోఫోను ముందు కూర్చుండి తమ భాషలో వార్తలు చదువుచున్నారు.